అమ్మ పీటల మీద కూర్చోకూడదని ఏ శాస్త్రం చెప్పింది?

ప్రశ్న

నమస్కారం అండీ. మాది కాకినాడ. వచ్చే మాఘమాసంలో నా పెళ్లి. అబ్బాయి వాళ్లది వరంగల్. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయారు. అమ్మ మిషన్ కుట్టి నన్ను బీటెక్ చదివించింది. నాకు అన్నదమ్ములు లేరు. ఇప్పుడు మా బంధువులంతా కలిసి, పెదనాన్నగారు, పెద్దమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలని, తాళి కట్టే సమయానికి అమ్మ మండపం మీద లేకపోతేనే మంచిదని అంటున్నారు. అడిగితే శాస్త్రం ఒప్పుకోదంటున్నారు. అమ్మ కూడా "నాకెందుకులే, నీకు మంచి జరిగితే అంతే చాలు" అంటోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిజంగా శాస్త్రంలో అలా ఉందా? అసలు ఈ జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఏడడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? వీటిలో ఏది జరిగితే పెళ్లయినట్టు? అబ్బాయి వాళ్లు ఎదురుకోళ్లు, ఐరేని కుండలు, ఒడిబియ్యం అంటున్నారు. మావాళ్లేమో అవి మన పద్ధతి కాదంటున్నారు. ఎవరి మాట వినాలి? అబ్బాయి కాళ్లు కడగడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. దయచేసి నా పేరు వేయకండి.

సమాధానం

అమ్మా, ముందు నీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకే జవాబు చెప్తాను. మిగతావి తర్వాత.

మీ అమ్మ నీకు కన్యాదానం చేయవచ్చు. శాస్త్రం ఒప్పుకోదన్న మాట నిజం కాదు. పాత ధర్మశాస్త్ర గ్రంథమైన యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయంలో 63వ శ్లోకం ఇలా ఉంది: "పితా పితామహో భ్రాతా సకుల్యో జననీ తథా, కన్యాప్రదః పూర్వనాశే ప్రకృతిస్థః పరః పరః." పిల్లను ఇచ్చి పెళ్లి చేయాల్సినవాళ్లు ఎవరెవరో వరసగా చెప్పే శ్లోకం ఇది. తండ్రి, తాత, అన్నదమ్ముడు, అదే వంశంలోని దగ్గరివాడు, ఆ తర్వాత కన్నతల్లి. ముందున్నవాళ్లు లేకపోతే, మతి స్థిమితంగా ఉన్న తర్వాతివాళ్లు ఆ పని చేయాలి. ఈ వరసను నిదానంగా ఒకసారి చూడు. తండ్రి బతికి ఉంటే తల్లి వంతు రాదు. ఆయన పోయాకే వస్తుంది. అంటే ఇక్కడ తల్లి పేరు చేర్చినవారు భర్త లేని తల్లినే దృష్టిలో పెట్టుకుని చేర్చారు. మీ బంధువులు ఏ కారణం చూపించి అమ్మను పక్కకు జరపమంటున్నారో, ఆ కారణం వల్లే ఆమెకు ఆ చోటు వచ్చింది.

మరి పెదనాన్నగారు వరసలో అమ్మకంటే ముందున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఉన్నారు. కానీ మీవాళ్లు అంటున్నది పెదనాన్న వంతు ముందొస్తుందని కాదు, భర్త పోయిన మనిషి ఆ పని చేయకూడదని. ఆ మాటకు ఈ శ్లోకంలో చోటు లేదు. పెదనాన్నగారే ముందుకొచ్చి "మా మరదలు పెంచింది, ఆమే చేస్తుంది, నేను పక్కనుంటాను" అంటే ఎవరూ కాదనలేరు. ధర్మసింధువు వంటి తర్వాతికాలపు గ్రంథాల్లో కూడా తల్లి దాత అయినప్పుడు సంకల్పం ఆమే చెప్పుకుని, మిగతా తంతు బ్రాహ్మణుడి చేత జరిపించుకోమని ఉంది. కాబట్టి "ఆడవాళ్లు మంత్రం చెప్పకూడదు" అని పురోహితుడు అన్నా దానికీ దారి పూర్వీకులే చూపించి పెట్టారు. యాజ్ఞవల్క్యుడి తర్వాతి శ్లోకం ఇంకా ముందుకు వెళ్తుంది. ఇచ్చేవాళ్లెవరూ లేకపోతే పిల్ల తనకు తగిన వరుణ్ని తానే ఎంచుకోవచ్చని చెప్తుంది.

అలాగని పాతవన్నీ ఆడవాళ్ల పక్షమేనని నీకు చెప్పలేను. పెళ్లి మంత్రాల్లో చాలావరకు ఋగ్వేదం పదో మండలంలోని 85వ సూక్తం నుంచి వచ్చాయి. సూర్యుడి కూతురు సూర్యకు సోముడితో జరిగిన పెళ్లిని వర్ణించే సూక్తం అది. అత్తమామల ఇంట్లో నువ్వు మహారాణిలా ఉండమని, "సమ్రాజ్ఞీ శ్వశురే భవ, సమ్రాజ్ఞీ శ్వశ్ర్వాం భవ" అని పెళ్లికూతురికి చెప్పేది అందులోనే. అదే సూక్తంలో "అపతిఘ్ని" అన్న మాటా ఉంది. భర్తకు చేటు తేనిదానివిగా ఉండు అని కోరడం. మొగుడు పోతాడన్న భయం, పోతే ఆ నెపం ఆడపిల్ల మీద పడటం అంత పాతవి. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ భయం ముదిరి, గుండు చేయించడం దాకా, శుభకార్యంలో ఎదురు రానివ్వకపోవడం దాకా వెళ్లింది. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. మీకు దగ్గర్లోనే, రాజమండ్రిలో, 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లి చేసినందుకు ఆయనకు వెలి వేస్తామన్న బెదిరింపులు తప్పలేదు. భర్త పోయిన ఆడది మళ్లీ తాళి కట్టించుకుని పీటల మీద కూర్చున్న గోదావరి సీమలో, ఇన్నేళ్ల తర్వాత కూతురి పెళ్లిలో తల్లి గదిలో కూర్చోవాలనడం నాకు చాలా బాధగా ఉంది.

ఇక ఏ ఆచారం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న. తెలుగుదేశంలో ఎక్కువమంది పురోహితులు నడిపించే తంతుకు ఆధారం ఆపస్తంబ గృహ్యసూత్రం, అంటే ఇంట్లో జరిగే తంతులు ఎలా చేయాలో చెప్పే పాత గ్రంథం. అందులో పెళ్లి ప్రకరణం మొదలయ్యే చోటే ఒక చిన్న సూత్రం ఉంది: "ఆవృతశ్చాస్త్రీభ్యః ప్రతీయేరన్." మంత్రం లేకుండా జరిగే ఆచారాలు ఏవేవో ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి అని అర్థం. ఆశ్వలాయనుడూ తన గృహ్యసూత్రంలో దేశాచారాలు, గ్రామాచారాలు రకరకాలుగా ఉంటాయి, పెళ్లిలో వాటిని పాటించండి అన్నాడు. మన పెళ్లి మొదటినుంచీ ఇలా రెండు వరసలుగా నడుస్తోంది. మంత్రాలతో జరిగేవి పురోహితుడి చేతిలో, మిగతావి ఇంటి ఆడవాళ్ల చేతిలో. పసుపు దంచడం, నలుగు పెట్టడం, పెళ్లికూతుర్ని చేయడం, గంపలో కూర్చోబెట్టి మేనమామ తీసుకురావడం, బిందెలో ఉంగరం తీయించడం, గుమ్మం దగ్గర ఆడపడుచు ఆపి పేర్లు చెప్పించడం, ఇవన్నీ రెండో వరసవి. వీటిని ఏ సూత్రకారుడూ రాయలేదు. ఇంటి ఆడవాళ్లు కాపాడుకుంటూ వచ్చారు. ఎప్పుడు అవసరమైతే అప్పుడు మార్చుకుంటూనూ వచ్చారు. ఆపస్తంబుడు అడిగి తెలుసుకోమన్న ఆడవాళ్లలో మీ అమ్మ కూడా ఉంది.

ఇప్పుడు జీలకర్ర బెల్లం. ముహూర్తం అంటే మనకు తెర తీసి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణమే. ఇది తెలుగువాళ్ల సొంత ఆచారం. గృహ్యసూత్రాల్లో కనపడదు. ఆ చోట ఆపస్తంబుడు చెప్పేది వరుడు వధువును చూడటం. అప్పుడు చెప్పే మంత్రం "అఘోరచక్షుః" అని మొదలవుతుంది, నీ చూపు చల్లగా ఉండాలి అని. అంటే తెర తీసి చూసుకోవడం పాత తంతు, జీలకర్ర బెల్లం దానికి మనవాళ్లు చేర్చుకున్నది. నూరిన తర్వాత జీలకర్రను, బెల్లాన్ని మళ్లీ విడదీయలేమని పెద్దవాళ్లు చెప్పే అర్థం నాకు నచ్చుతుంది. బ్రహ్మరంధ్రం తెరుచుకుంటుందని, ఒకరి నుంచి ఒకరికి విద్యుత్తు ప్రవహిస్తుందని వాట్సాప్‌లో తిరిగే వివరణలను మాత్రం పట్టించుకోకు. వాటికి శాస్త్రగ్రంథాల్లోనూ ఆధారం లేదు, సైన్సులోనూ లేదు. ఒక ఆచారం అందంగా ఉండటానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కర్లేదు.

తాళి గురించి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇవాళ మనం చేసే రూపంలో మంగళసూత్రం కట్టడం గృహ్యసూత్రాల్లో లేదు. "మాంగల్యం తంతునానేన" అన్నది వేదమంత్రం కాదు, శ్లోకం. నా జీవనానికి కారణమైన ఈ సూత్రాన్ని నీ మెడలో కడుతున్నాను, నువ్వు నూరేళ్లు జీవించు అని దానర్థం. గమనించావా, అందులో వరుడు కోరేది ఆమె నూరేళ్లు బతకాలని.  పుట్టింటివాళ్లది ఒక పుస్తె, అత్తింటివాళ్లది ఒక పుస్తె, రెండూ ఒకే పసుపు తాడుకు కట్టడం మన పద్ధతి.

తాళికి కాస్త ముందు జరిగే ఒక తంతు గురించి మాత్రం నీకు వివరంగా చెప్పాలి. చాలా పెళ్లిళ్లలో ఆ సమయానికి వీడియో తీసేవాళ్లు లైట్లు సర్దుకుంటూ ఉంటారు, చూసేవాళ్లు కబుర్లలో ఉంటారు. పురోహితుడు నీ తల మీద దర్భలతో చుట్టిన చుట్టు పెట్టి, దాని మీద కాడి పెట్టిస్తాడు. ఎద్దుల మెడ మీద వేసే కాడే, ఇప్పుడు చిన్న బొమ్మకాడి తెస్తున్నారు. కాడి చిల్లు దగ్గర బంగారం ఉంచి, దాని మీదుగా నీళ్లు పోస్తారు. మనవాళ్లు ఆ బంగారంగా మంగళసూత్రాన్నే వాడతారు. ఇది పక్కాగా ఆపస్తంబుడు చెప్పిన తంతు. అప్పుడు చదివే మంత్రం "ఖేఽనసః ఖే రథః" అన్నది, ఋగ్వేదం ఎనిమిదో మండలం 91వ సూక్తంలోది. ఆ సూక్తం అపాల అనే అమ్మాయిది. ఆమెకు చర్మవ్యాధి. భర్త వదిలేశాడని కథ. ఆమె సోమలతను పళ్లతో నమిలి ఇంద్రుడికి ఇస్తే, ఆయన ఆమెను రథం చిల్లులోంచి, బండి చిల్లులోంచి, కాడి చిల్లులోంచి లాగి సూర్యుడిలా మెరిసే చర్మం ఇచ్చాడు. ఆమె ఆయన్ను మూడు కోరికలు కోరింది. బట్టతల అయిన మా నాన్న తల మీద జుట్టు మొలవాలి, మా పొలం పచ్చగా మొలకెత్తాలి, నా ఒళ్లు బాగుపడాలి. తన ఒంటితో పాటు నాన్న తలను, ఇంటి పొలాన్ని కలిపి అడిగిన ఆడపిల్ల సూక్తం అది. దాన్నే ఈ దేశంలో తరతరాలుగా పెళ్లికూతురి తల మీద చదువుతున్నారు. అమ్మ కోసం నువ్వు ఆరాటపడటం పెళ్లికి పనికిరాని ఆలోచన అని నీకెవరైనా అంటే ఈ కథ చెప్పు.

తలంబ్రాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకరి మీద ఒకరు బియ్యం పోసుకునే ఆ సరదా అందరికీ తెలిసిందే. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే సంప్రదాయం గోల్కొండ తానీషా కాలం నుంచి ఉందని చెప్పుకుంటారు. ఒక ముస్లిం రాజు పేరు మన సీతారాముల పెళ్లితో అలా ముడిపడి ఉంది. సన్నికల్లు తొక్కించేటప్పుడు ఈ రాయిలా స్థిరంగా ఉండు అని చెప్పే మంత్రం, లాజహోమంలో అన్నదమ్ముడు దోసిట్లో పేలాలు పోయడం, రాత్రి ధ్రువుణ్ని, అరుంధతిని చూపించడం, ఇవి మూడూ పాత సూత్రాల్లో ఉన్నవే. మెట్టెలు పెట్టడం తర్వాత చేరింది. పగటిపూట పెళ్లయితే అరుంధతి అంటూ మిట్టమధ్యాహ్నం ఆకాశంకేసి చూపించేస్తున్నారు. అదొద్దు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ మేడెక్కి సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కనే మిణుకుమనే అరుంధతిని నిజంగా వెతుక్కోండి. మాఘమాసంలో అది ఈశాన్యం వైపు పైకి రావడానికి కాస్త పొద్దుపోతుంది, ఓపిక పట్టండి.

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న, ఏది జరిగితే పెళ్లయినట్టు అని. మామూలుగా మనవాళ్లు జీలకర్ర బెల్లం పెడితే సగం, తాళి పడితే పూర్తి అనుకుంటారు. చట్టం అలా అనదు. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆ తంతులో సప్తపది ఉంటే, ఏడో అడుగు వేసినప్పుడు పెళ్లి పూర్తయినట్టు. అసలు తంతే జరగకుండా కేవలం సర్టిఫికెట్ తీసుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు, చట్టం దృష్టిలో కన్యాదానం తప్పనిసరి తంతు కాదంది. ఈ సంగతి మీ బంధువులతో వాదించడానికి చెప్పడం లేదు. కన్యాదానం ఎవరు చేశారన్న దాని వల్ల నీ పెళ్లికి ఏ లోటూ రాదని నీ మనసు కుదుటపడటానికి చెప్తున్నాను. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన చట్టం వల్ల రిజిస్ట్రేషన్ ఎలాగూ చేయించుకోవాలి. ఆ పని వాయిదా వేయకండి.

అంత ముఖ్యమైన ఏడడుగులను మన పెళ్లిళ్లలో రెండు నిమిషాల్లో ముగించేస్తున్నారు. తలంబ్రాలు అవ్వగానే జనం భోజనాల వైపు వెళ్లిపోతారు, ఫోటోల కోసం వరస కడతారు. నువ్వు మాత్రం అక్కడ తొందరపడనివ్వకు. వరుడు నీ కుడి పాదాన్ని ఒక్కో అడుగు వేయిస్తూ, మొదటి అడుగు అన్నానికి, రెండోది బలానికి, మూడోది వ్రతానికి, నాలుగోది సుఖానికి, ఐదోది పశువులకు, ఆరోది ఋతువులకు, ఏడోది యజ్ఞకార్యాలకు అంటాడు. ఏడో అడుగు పడ్డాక "సఖా సప్తపదా భవ" అంటాడు, ఏడడుగులు నడిచావు, ఇక నాకు స్నేహితురాలివి కా అని. ఆ వెంటనే, నీ స్నేహం నుంచి నేను విడిపోకూడదు, నా స్నేహం నుంచి నువ్వు విడిపోకూడదు అని. మొత్తం పెళ్లిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాటలు ఇవి. ఒక్కో అడుగుకు తెలుగులో అర్థం చెప్పమని పురోహితుణ్ని అడుగు. చాలామంది సంతోషంగా చెప్తారు, అడిగేవాళ్లే లేరు. కవి, సంఘసంస్కర్త త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఎప్పుడో పెళ్లితంతు మొత్తాన్ని తెలుగులో రాసి పెళ్లిళ్లు చేయించారు. మీరు అంత దూరం వెళ్లకపోయినా, ఆ ఏడు మాటలైనా వచ్చినవాళ్లందరికీ అర్థమవ్వాలి.

కాళ్లు కడగడం దగ్గరికి వస్తున్నాను. నీ ఇబ్బంది నాకు తెలుసు. అయితే అది పుట్టినప్పుడు పిల్లనిచ్చేవాళ్లు తక్కువ అని చూపించడానికి పుట్టలేదు. దుమ్ములో నడిచి వచ్చిన గౌరవనీయమైన అతిథికి కాళ్లకు నీళ్లు, చేతులకు నీళ్లు ఇచ్చి, పెరుగూ తేనే కలిపిన మధుపర్కం పెట్టడం పాత మర్యాద. గురువుకు, రాజుకు, మేనమామకు కూడా అదే చేసేవారు. వరుణ్ని విష్ణువుగా భావించి పిల్లనివ్వడం కూడా అందులో కలిసింది. ఇప్పుడు కారులో దిగి బూట్లు విప్పిన కుర్రాడికి, అతని తండ్రి వయసువాళ్లు వంగి కడుగుతుంటే చూడటానికి ఇబ్బందిగానే ఉంటుంది. నీ పెళ్లిలో కడగాల్సింది మీ అమ్మే కాబట్టి, ఈ మాట అబ్బాయి నోటి నుంచి రావాలి. "అత్తయ్యగారూ, మీరు నా కాళ్లు కడగొద్దు, నీళ్లు చల్లండి చాలు" అని ముందురోజే అతను అంటే ఎవరికీ కోపం రాదు. నువ్వు అంటే నీ పొగరు అంటారు. పిల్లనిచ్చేటప్పుడు ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి నడవకు అని దాత అడిగితే వరుడు "నాతిచరామి" అని మాట ఇవ్వాలి. ఆ మాట అడిగేది మీ అమ్మ అయితే, అతను ఆమె కళ్లలోకి చూసి చెప్పాలని కోరుకుంటున్నాను.

వరంగల్ వాళ్ల పద్ధతులు మనవి కావని మీవాళ్లు ఎందుకంటున్నారో నాకు అర్థం కాలేదు. మగపెళ్లివాళ్లకు ఎదురెళ్లి బొట్టు పెట్టి పానకం ఇవ్వడమే ఎదురుకోళ్లు. మీ గోదావరి జిల్లాల్లో దాన్నే ఎదురు సన్నాహం అంటారు. సున్నం, జాజు రంగులు వేసిన కుండల్ని మేళంతో తేవడమే ఐరేని కుండలు. మీ అమ్మమ్మ తరంవాళ్లను అరివేణి కుండలు తెలుసా అని అడిగి చూడు, వెంటనే గుర్తుపడతారు. ఇవన్నీ ఊళ్లో కుమ్మరి, మేదరి, కంసాలి, రజకులు, సన్నాయి వాయించే నాయీబ్రాహ్మణులు అందరికీ పెళ్లిలో పని, గౌరవం, బట్టలు, ధాన్యం ఉండేలా ఏర్పడినవి. ఫంక్షన్ హాల్ ప్యాకేజీలో ప్లాస్టిక్ కుండలు వచ్చేస్తే ఆ అర్థం పోతుంది. వరంగల్ వాళ్లు ఇంకా కుమ్మరి ఇంటి నుంచి కుండలు తెస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి, డబ్బులు బేరమాడకుండా ఇవ్వండి. ఎవరి పద్ధతి అయినా చట్టం ఒప్పుకుంటుందని పైన చెప్పాను కదా. మీ వైపు ముహూర్తం తంతు, వాళ్ల వైపు ఎదురుకోళ్లు, ఒడిబియ్యం అని పంచుకుంటే ఎవరూ నొచ్చుకోరు.

ఒడిబియ్యం ఒక్కటీ ముందుగా మాట్లాడుకో. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరం, రవిక గుడ్డ పుట్టింటివాళ్లు కూతురి ఒడిలో పోస్తారు. పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లకోసారి పోస్తూనే ఉంటారు. నీకు పుట్టిల్లు అంటే మీ అమ్మే. అక్కడ కూడా ముత్తైదువలే పోయాలని ఎవరైనా అంటే, మొదటి దోసిలి అమ్మ పోస్తుందని మీ అత్తగారితో ఇప్పుడే చెప్పించు. ఆవిడ మంచి మనసుతో "నేనూ ఆమె పక్కన నిలబడతాను" అంటే మిగతావాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడతాయి.

ఇన్ని చెప్పినా, అసలు కష్టమైన పని ఇంకా ఉంది. అది మీ అమ్మతో మాట్లాడటం. "నాకెందుకులే" అన్న మాట వెనక ఆశ లేకపోవడం లేదు, భయం ఉంది. రేపు మీ కాపురంలో చిన్న చిక్కు వచ్చినా, అబ్బాయికి జ్వరం వచ్చినా, తనవల్లే అంటారేమోనని. ఆ భయం ఆమె సొంతం కాదు, ఇన్నేళ్లుగా చుట్టూ ఉన్నవాళ్లు ఆమెలో నాటినది. కాబట్టి ఆమెను తప్పు పట్టకు, బతిమాలకు, పెళ్లి పందిట్లో అందరి ముందు చెయ్యి పట్టి లాగకు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు యాజ్ఞవల్క్యుడి శ్లోకం చదివి వినిపించు. "నువ్వు చేస్తే నాకు మంచే జరుగుతుందని నేను నమ్ముతున్నాను, నాకు నీ చేతి మీదుగానే పెళ్లి కావాలి" అని చెప్పు. ఆమెకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వు. ఆమె చివరికి పీటల మీద వద్దు, పక్కనే కుర్చీలో కూర్చుంటాను అంటే ఆ మాటనూ గౌరవించు. కానీ అది ఆమె ఇష్టం అయి ఉండాలి, గదిలో దాక్కోవడం మాత్రం కాకూడదు.

పెదనాన్నగారిని, పెద్దమ్మను శత్రువుల్లా చూడకు. నాన్న లేని ఇంటికి పెద్దదిక్కుగా నిలబడాలన్న ప్రేమ కూడా వాళ్ల మాటలో ఉంది. అమ్మ నీ చేతిని అబ్బాయి చేతిలో పెడితే, పెద్దమ్మ ధార పోయవచ్చు. వాళ్ల అబ్బాయి నీకు అన్న వరస కాబట్టి లాజహోమంలో పేలాలు పోసేదీ, కాశీయాత్రలో గొడుగు పట్టుకుని బయల్దేరిన పెళ్లికొడుకును బతిమాలి వెనక్కి తెచ్చేదీ అతనే కావాలి. విడిది చూసుకోవడం, మగపెళ్లివాళ్లకు ఎదురెళ్లడం పెదనాన్నగారు చేయాలి. ఇలా పనులన్నీ ముందే పేరుపేరునా అప్పగిస్తే, తమను పక్కన పెట్టారన్న బాధ వాళ్లకు ఉండదు.

పురోహితుడితో లగ్నపత్రిక రాసుకునే రోజునే ఈ మాట తేల్చుకోండి. శ్లోకం చూపించండి. ఆయన కుదరదంటే గొడవ పడకుండా దక్షిణ ఇచ్చి నమస్కారం పెట్టి, ఇంకొకరిని చూసుకోండి. ఒప్పుకునేవారు దొరుకుతారు. పుణెలో జ్ఞానప్రబోధిని సంస్థ ఆడవాళ్లకు కూడా పౌరోహిత్యం నేర్పిస్తోంది. తల్లి కన్యాదానం చేయడం ఈ రోజుల్లో ఎవరూ చూడని వింత కాదు.

ఇక ఆఖరుగా, శుభలేఖ. అది ప్రెస్సుకు వెళ్లేది అన్నిటికన్నా ముందు కదా. చాలా శుభలేఖల్లో భర్త లేని తల్లి పేరు కింద ఎక్కడో ఉంటుంది, లేదా అసలు ఉండదు. నువ్వు ఆ డిజైన్ ఇంకా ఓకే చేయకపోతే, "ఆహ్వానించువారు" అన్న చోట మొదటి పేరుగా మీ అమ్మ పేరు వేయించు, పక్కన మీ నాన్నగారి పేరు కూడా. దాని కింద పెదనాన్నగారు, పెద్దమ్మల పేర్లు. ప్రూఫ్ వచ్చాక ముందు అమ్మకు చూపించు.